రోగశయ్యయు స్మృతికావ్యమును

మరణములు రెండు తెరగులు. ఒకటి పిడుగువలె వచ్చి మీద పడునది. రెండవది చెదవలె నెలలకొలది, ఏండ్లకొలది ఇంటిలోనే కాపురముండి తుదకు తన పని ముగించునది. మొదటి తెరగున దుఃఖము మరణముతో మొదలగును. రెండవ తెరగున, వైద్యుడు రోగిని చూచి వెలుపలికి వచ్చి, చెప్పవలసిన మాట చెప్పలేక ముఖము ప్రక్కకు త్రిప్పుకొన్న దినముననే మొదలగును. ఆ దినము మొదలు ఇంటివారు రోగి యెదుట నవ్వుచు, వంటయింట కన్నీరు తుడుచుకొనుచు, రాత్రులు వంతులు వేసికొని మేలుకొనుచు కాలము గడుపుదురు. తుదకు ప్రాణము పోయిననాడు ఏడుపుతోపాటు ఒక నిట్టూర్పు కూడ వెలువడును. ఆ నిట్టూర్పులో శోకమెంత, విడుదల యెంత యని తూచి చెప్పగలవారు లేరు. పైకి చెప్పుకొన సాహసించువారు అంతకంటె అరుదు.

దీర్ఘరోగముచే పోయిన ఆత్మీయుని సాహిత్యము ఎట్లు స్మరించినది? ఎట్లు స్మరింపవలసియున్నది? ఈ రెండు ప్రశ్నలను, మేము చదివిన కొన్ని గ్రంథముల నాధారముగా జేసికొని, ఇచ్చట విచారింపదలచితిమి.

ముందుగా మన యింటి వాఙ్మయమును చూతము. పెద్దలు పోయినపుడు సంవత్సరీకమునాటికి చిన్న పొత్తమొకటి అచ్చువేయించి బంధుమిత్రులకు పంచు ఆచారము కొన్ని కుటుంబములలో గలదు. అందొక ఛాయాచిత్రము, వంశవృక్షము, మిత్రుల పద్యములు, చేసిన దానధర్మముల పట్టిక యుండును. రోగమునుగూర్చి అందు కానవచ్చు వాక్యము సాధారణముగా ఒక్కటే: కొంతకాలము అస్వస్థులై యుండి పరమపదించిరి. ఆ 'కొంతకాలము' ఆరేండ్లు కావచ్చును. ఆరేండ్లనగా రెండువేలకు పైబడిన రాత్రులు. అన్ని రాత్రులు అనుభవించినవానిని, ఆ రాత్రులు మేలుకొన్నవారిని ఒక్క క్రియావిశేషణము మ్రింగివేసినది! పోయినది ఇల్లాలైనచో మరియొక వింత గలదు. పసుపు కుంకుమలతో భర్తకంటె ముందుగా పోయినది గనుక అదృష్టవంతురాలని పద్యములు చెప్పును. నాలుగేండ్లు మంచముమీద ఆమె పడిన యాతన ఆ అదృష్టములో కలిసిపోవును. ఆమె యేమి కోరినదో, దేనికి భయపడినదో, ఏ బిడ్డను చూచి మాటాడలేక ఊరకుండినదో ఆ పొత్తమునుండి మనుమరాలు తెలిసికొనలేదు. అట్టిది స్మృతి యనిపించుకొనునా?

ఈ దోషమును నేటి పద్యకర్తలమీదనే మోపుట న్యాయము కాదు. దీని వేరులు లోతుగా నున్నవి. రఘువంశమున ఎనిమిదవ సర్గమును స్మరింపుడు. నారదుని వీణనుండి జారిన దివ్యమాల రొమ్మున బడి ఇందుమతి యుద్యానమున క్షణములో ప్రాణము విడిచినది. అజమహారాజు విలాపము శ్లోకము వెంట శ్లోకముగా సాగి, నేటికిని చదువరుల కన్నులు చెమ్మగిల్లజేయుచున్నది. అయితే ఆ సర్గములోనే రెండవ మరణ మొకటి యున్నదని చాలమంది గమనింపరు. కుమారుడు బాలుడగుటచే అజుడు మరి యెనిమిదేండ్లు బ్రతికెను. మేడను చీల్చుకొని మొలచిన జువ్విమొక్కవలె దుఃఖము ఆతని హృదయమును చీల్చెను. వైద్యులకు సాధ్యము కాని రోగము శరీరమును పట్టుకొనగా, ప్రియురాలిని చేరుటకది తోడ్పడునని ఆతడు దానిని లాభముగా నెంచి, గంగాసరయూసంగమమున దేహము చాలించెను. ఒక్క నిమిషములో జరిగిన మరణమునకు విలాపమంతయు. ఎనిమిదేండ్లుగా జరిగిన మరణమునకు ఏ కొన్ని శ్లోకములో! మహాకవిని తప్పుపట్టుటకు మే మిది చెప్పుటలేదు. కావ్యదృష్టి దేనిమీద నిలిచినదో, దేనిమీదనుండి జారిపోయినదో చూపుటకు మాత్రమే చెప్పుచున్నాము.

మన కావ్యములలో రోగము లేదనుటకు వీలులేదు, కావలసినంత యున్నది. అయితే అది విరహము! అలంకారశాస్త్రము వ్యాధిని ముప్పదిమూడు వ్యభిచారిభావములలో నొకటిగా నెంచినది. మన్మథావస్థలు పదింటిలోను దానికి చోటిచ్చినది. అందుచేత ప్రబంధములలో రోగి యనగా నాయిక, ఔషధ మనగా చందనము, పథ్య మనగా తామరాకుల పాన్పు. చెలికత్తెలు చేయు శైత్యోపచారములకు పుటలకు పుటలు నిండినవి. నిజమైన జ్వరమున తడిగుడ్డ నుదుట వేయు తల్లికి ఆ పుటలలో ఒక్క పద్యమైన దొరకుట కష్టము.

రోగశయ్యను వర్ణించినచో జుగుప్స కలిగి కరుణరసము చెడునని కొందరందురు. ఆ భయమునకు శాస్త్రప్రమాణము గట్టిగా లేదు. కరుణమునకు హాస్యశృంగారములు విరోధులనియు, బీభత్సమునకు శృంగారము విరోధి యనియు సాహిత్యదర్పణకారుడు చెప్పెను గాని, కరుణబీభత్సములకు పరస్పరవైరము చెప్పలేదు. కావున మన కావ్యములనుండి రోగశయ్యను వెడలగొట్టినది శోకము కాదు, శృంగారము. నాయికను సౌందర్యముతోనే స్మరింపవలెనను పట్టుదలయే చిక్కిన చేతులను, ఊడిన జుట్టును కంటికి మరుగుచేసినది.

అయినను కాళిదాసునందే దీనికి విరుగుడు కూడ నున్నది. రఘువంశపు కడపటి సర్గమున అగ్నివర్ణుడు భోగలాలసుడై రాజయక్ష్మపాలయ్యెను. ముఖము పాలిపోయినది, ఆభరణములు తగ్గినవి, ఊతలేక నడక సాగదు, గొంతు క్షీణించినది. ఇచ్చట కవి కన్ను మూసికొనలేదు. అంతకంటె ముఖ్యమైనది మంత్రుల నడత. రాజు సంతానముకొరకు వ్రతములు సలుపుచున్నాడని వారు ప్రజలకు చెప్పిరి. ఆతడు మరణించిన పిమ్మట రోగశాంతి చేయుచున్నామను నెపమున పురోహితునితో గూడి గృహోద్యానములోనే రహస్యముగా దహనము కావించిరి. శ్మశానమునకైన పోనీయలేదు. రోగమును దాచుట యనునది యెట్లు ఒక అబద్ధముతో మొదలై మరణమునే దొంగసొత్తు చేయునో ఇంతకంటె చక్కగా చెప్పినవారిని మే మెరుగము.

ఆ మంత్రులు మన యిండ్లలో నేటికిని కొలువు చేయుచున్నారు. క్షయరోగము కలదని తెలిసినచో ఆడపిల్లలకు సంబంధములు రావని భయము. బుద్ధిభ్రంశమని తెలిసినచో వంశమునకు మచ్చ. పుట్టకురుపు, అనగా నేడు క్యాన్సరని మనము చెప్పునది, పేరెత్తినచో చాలును, గొంతులు తగ్గిపోవును. క్షయ వంశపాపము కాదు, సూక్ష్మక్రిమి వలన గలుగునది యని రాబర్ట్ కోక్ 1882లో లోకమునకు చాటెను. స్ట్రెప్టోమైసిన్ 1943లో కనుగొనబడెను. సామాన్యముగా ఆరునెలలపాటు విడువక మందులు పుచ్చుకొన్నచో నయమగు వ్యాధిగా అది నేడు మారినది. అయినను రహస్యము మాత్రము మారలేదు. రహస్యము వలన రోగి ఆలస్యముగా వైద్యుని చేరును. ఒకే పాత్రలో త్రాగు బిడ్డలు ఒకే గదిలో నిద్రింతురు. తల్లి యే రోగముచే పోయినదో తెలియని కుమార్తె, అదే గడ్డ తన రొమ్మున కనబడినపుడు దాని నెవరికి చెప్పవలెనో యెరుగక దాచుకొనును. కావున స్మృతిలో సత్యము చెప్పుట కావ్యమర్యాదకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. బ్రతికియున్నవారి ప్రాణములకు సంబంధించినది.

ఇక సత్యము చెప్పిన గ్రంథమొకటి చూతము. టాల్‌స్టాయి సోదరులిద్దరు, దిమిత్రి 1856లోను, నికొలాయి 1860లోను, క్షయచే మరణించిరి. ఆ స్మృతి యాతని హృదయమున పదునేనేండ్లకు పైగా నానినది. 1875 మొదలు 1877 వరకు వెలువడిన 'అన్నా కరేనినా' నవలలో లేవిన్ అనువాని యన్న క్షయచే ఒక మురికి వసతిగృహమున చనిపోవును. ఆ పెద్ద గ్రంథమున శీర్షిక గల ప్రకరణ మొక్కటే. దాని పేరు 'మృత్యువు'. ఇది కల్పితకథయే యైనను, తోబుట్టువుల మరణము నెరిగినవాడు తప్ప ఇతరులు వ్రాయలేని ప్రకరణము.

అందు మూడు విషయములు మమ్ము ఆకర్షించినవి. మొదటిది: చదువుకొన్నవాడు, తత్త్వచింతకుడు నగు లేవిన్ రోగిగదిలో చేతులు కాళ్లు ఆడక నిలుచుండును. మృత్యువన నేమి యని ఆతడు ఆలోచించుచుండగా, ఆతని యువతి భార్య కిట్టీ వైద్యునికి కబురు పంపును, నేల యూడ్పించును, పక్కగుడ్డలు మార్పించును, రోగిని రెండవ ప్రక్కకు ఒత్తిగిలజేయించి తలగడ సర్దును. మొదట ఆమెను అచ్చటికి తీసికొనిపోవుటకే భర్త యొప్పుకొనలేదు! మృత్యువునుగూర్చి గ్రంథములు చదివినవానికంటె తలగడ సర్దిన యామెకు దానినిగూర్చి ఎక్కువ తెలియునని రచయిత ఒప్పుకొనుచున్నాడు. రెండవది: రోగము పొడుగగుకొలది చుట్టునున్నవారందరు, రోగియు, ఇది త్వరగా ముగిసిన బాగుండునని కోరుదురు, కోరుచునే మందు త్రాగింతురు, ధైర్యము చెప్పుదురు, ఒకరినొకరు మోసగించుకొందురు. ఈ మాట వ్రాయుటకు గుండె యుండవలెను. దీర్ఘరోగికి పరిచర్య చేసిన ప్రతివారి మనస్సునను ఈ కోరిక యొకనాడైన తొంగిచూచును. అది ప్రేమకు కొరతగా భావించి వారు యావజ్జీవము తమ్ము తాము నిందించుకొందురు. అది ప్రేమయొక్క అలసట గాని లోపము కాదని ఆ ప్రకరణము చదివినవారు తెలిసికొందురు. మూడవది: అంతయు ముగిసినదని పురోహితుడు చెప్పగా, ఇంకను కాలేదనియు, త్వరలోనే యగుననియు రోగి పెదవులు కదలును. చనిపోవుచున్నవాడు కడపటివరకు మనిషియే, ఆతని మాట ఆతనిదే యని ఆ చిన్న కదలిక తెలుపును.

రవీంద్రనాథ ఠాకూరు మార్గము వేరు. ఆయన సహధర్మచారిణి మృణాళినీదేవి కొన్ని నెలలు రోగపీడితయై 1902 నవంబరులో మరణించెను. పిమ్మట ఆయన రచించిన 'స్మరణ' యను చిన్న పద్యసంపుటమున వ్యాధి దాదాపు కానరాదు. ఆమె తన పాత ఉత్తరములు కొన్నింటిని దాచుకొన్నట్లు మరణానంతరము కనుగొని, వానిని చూచి కరగిపోయిన భర్త అందు కనబడును. ఈ మౌనము సంవత్సరీకపు పొత్తముల మౌనము వంటిది కాదు. లోకభయముచే దాచినది కాదు. మాట యాడక నిలిచిన గౌరవము. అయినను రోగశయ్యమీది మృణాళినిని మనము ఆ పద్యములలో చూడలేమనుట నిజము.

ఆ మరుసటి సంవత్సరమే కుమార్తె రేణుక క్షయరోగిణి యయ్యెను. గాలిమార్పుకొరకు ఆమెను హజారీబాగునకు, తరువాత హిమాలయప్రాంతమందలి ఆల్మోరాకు తీసికొనిపోయిరి. ఆల్మోరాలో ఆయన వ్రాసినవి పసిపిల్లల ఆటపాటల పద్యములు, 'శిశు' సంపుటమందలివి. కన్నకూతురు కన్నులయెదుట కరగిపోవుచుండగా కాగితపు పడవలనుగూర్చి, తల్లితో దాగుడుమూతలనుగూర్చి కవి యెట్లు వ్రాయగలిగెను? రోగినిగూర్చి వ్రాయుట వేరు, రోగశయ్య చెంతనుండి జీవితమునుగూర్చి వ్రాయుట వేరు అని మాకు తోచుచున్నది. రేణుక 1903 సెప్టెంబరులో మరణించినది; ఆ పద్యములు మాత్రము పసిబిడ్డలున్న ప్రతి యింటికిని చేరినవి. తుదకు తానే మంచము పట్టినపుడు ఠాకూరు 1940లో 'రోగశయ్యాయ్' యను సంపుటమును, 1941లో 'ఆరోగ్య' మును వెలువరించెను. ఆ యేడు ఆగస్టులోనే ఆయన మరణము. ఇవి రోగి స్వయముగా చెప్పిన మాటలు. తెల్లవారుజామున కిటికీకడ కిచకిచలాడు పిచ్చుకకొరకు నిద్రలేని రోగి యెంత యెదురుచూచునో వానిలో తెలియును. బంధువులకు రోగి యనగా గ్రుడ్డలు, సీసాలు, జ్వరపు లెక్కలు. రోగికి మాత్రము ఆ యుదయమున లోకమంతయు ఒక పిచ్చుక. ఈ రెండవ చూపు లేని స్మృతి సగము స్మృతి.

మూడవ మార్గము హిందీకవి నిరాలాది. పందొమ్మిదేండ్ల ప్రాయమున కుమార్తె సరోజ మరణింపగా 1935లో ఆయన 'సరోజ్ స్మృతి' యను దీర్ఘకవిత రచించెను. తండ్రిగా తాను నిరర్థకుడ నైతినని ఆయన అందు నిస్సంకోచముగా చెప్పుకొనెను. సంపాదకులు త్రిప్పి పంపిన రచనలు, చేతిలో డబ్బు లేని దినములు, కట్నము, ఆడంబరము లేక తానే జరిపించిన వివాహము, అన్నియు అందున్నవి. మన విలాపములలో డబ్బు ప్రస్తావన రాదు. అజునకు ధనము కొరత యేమి? కాని మధ్యతరగతి యింట దీర్ఘరోగ మనగా తాకట్టుపెట్టిన నగ, అమ్మిన కుంట, మానిపించిన చదువు. ఇంకొక పట్టణమున మంచి వైద్యుడున్నాడని తెలిసియు పోలేకపోయినవాని దుఃఖము పోయి చూపించినవాని దుఃఖము వంటిది కాదు. ఆ భేదమును కవితలోనికి తెచ్చిన ధైర్యమునకు నిరాలాను మేము గౌరవించుచున్నాము.

ఈ మూడు మార్గములను చూచిన పిమ్మట దీర్ఘరోగముచే పోయినవారిని స్మరించు రచనను పరీక్షించుటకు నాలుగు ప్రశ్నలు చాలునని తోచుచున్నది. రోగమున గడచిన కాలము జీవితములో భాగముగా లెక్కకు వచ్చినదా, లేక చరిత్రనుండి కొట్టివేయబడినదా? రోగి మాటాడుచున్నాడా, లేక అతనినిగూర్చి ఇతరులే మాటాడుచున్నారా? పరిచర్య చేసినవారి పేరున్నదా? వ్రాయువాని మనస్సులోని యలసటకు, విడుదలకు, అప్పులకు చోటున్నదా?

మూడవ ప్రశ్నను కొంచెము విస్తరింతుము. సంవత్సరీకపు పొత్తములో వైద్యుల పేర్లుండును, పరామర్శకు వచ్చిన ప్రముఖుల పేర్లుండును. రోజు కారుమార్లు పక్కగుడ్డలు మార్చిన కోడలి పేరుండదు. పుట్టింటి పండుగలు మానుకొన్న కుమార్తె పేరుండదు. జీతమునకు వచ్చి కన్నబిడ్డకంటె మిన్నగా ఎత్తి దించిన దాసి పేరు అసలే యుండదు. 'ఇంటిల్లిపాదియు సేవించిరి' యని వ్రాయుదురు. ఇంటిల్లిపాదిలో ఎందరు కుర్చీలో కూర్చుండి సలహాలు చెప్పిరో, ఎందరు చేతులు కడుగుకొని చర్మము పగులగొట్టుకొనిరో ఆ వాక్యము చెప్పదు. స్త్రీవిద్యనుగూర్చి, స్త్రీల హక్కులనుగూర్చి ఉపన్యసించు కుటుంబములందును ఈ లోపమున్నది. సంస్కారము పత్రికలలో మొదలై, కుటుంబచరిత్ర వ్రాయునప్పుడు నిలిచిపోరాదు.

ఒక ఆక్షేపణ మిగిలియున్నది. చచ్చినవారి గుట్టు బయటపెట్టుట మర్యాదయా? రోగమున శరీరము తన స్వాధీనము తప్పును. అట్టి స్థితిని నలుగురికి చూపుట పోయినవారికి అవమానము కాదా? ఇది త్రోసివేయదగిన ఆక్షేపణ కాదు. అన్నియు చెప్పవలెనని మేమనుట లేదు. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యము రోగిగదికి మరింత యవసరము. చెప్పదగినదానికి మేము కోరు కొలత యిది: వ్రాసిన వాక్యము రోగి తలగడ ప్రక్కన కూర్చుండి ఆతడు వినుచుండగా చదువదగినదిగా నుండవలెను. ఆతని శరీరపు దీనతను వినోదముగా చూపు వాక్యము ఆ పరీక్షలో నిలువదు. ఆతని భయమును, చిరాకును, ఒక రాత్రి ఉన్నట్టుండి ఆడిన హాస్యపు మాటను నెమ్మదిగా చెప్పిన వాక్యము నిలుచును. దీర్ఘరోగులందరు శాంతమూర్తులు కారు. కొందరు కసరుదురు, కొందరు తిండి విసరికొట్టుదురు, కొందరు సేవ చేయువారినే నిందింతురు. వారి నందరిని చిరునవ్వు చిందించు ఋషులుగా చిత్రించుట కూడ ఒక దాపరికమే. కసరినను ప్రేమింపబడిరని చెప్పుటయే వారికి నిజమైన గౌరవము.

ఇందులకు గొప్ప కవిత్వము కావలెనని చదువరులు జంకనక్కరలేదు. ఉపాధ్యాయవృత్తిలో మాకు పిల్లల వ్యాసములు దిద్దుట నిత్యకృత్యము. పక్షవాతముతో మూడేండ్లు మంచముననున్న నాయనమ్మనుగూర్చి ఒక బాలుడు వ్రాసినది మా జ్ఞాపకమున నున్నది. ఆమె పుణ్యాత్మురాలని అందులేదు. ఆమెకు నోట మాట రాకుండెననియు, పెరుగన్నము కావలసినచో మంచపుకోడుమీద రెండుమార్లు, మంచినీరు కావలసినచో ఒకమారు తట్టెడిదనియు, ఇంటిలో అందరికంటె ముందుగా ఆ భాష తన చిన్నచెల్లెలు నేర్చుకొనెననియు, ఇప్పుడెవరైన తలుపు తట్టినచో ఆ పిల్ల మంచినీళ్లు తెచ్చుచున్నదనియు వ్రాసియుండెను. అందు రోగకాలమున్నది, రోగి మాట యున్నది, సేవించినవారున్నారు, పోయినవారు మిగిల్చిన శూన్యమున్నది. అక్షరదోషములు పది యున్నను దానికి సాటి వచ్చు పద్యమును సంవత్సరీకపు పొత్తములలో మేము చూడలేదు.

మన భాషలో స్మృతికావ్యములకు కొరత లేదు. విశ్వనాథ సత్యనారాయణగారి 'వరలక్ష్మీ త్రిశతి' మొదలుగా పోయిన భార్యను, బిడ్డను, తల్లిని తలచి కవులు కన్నీరు విడిచిన రచనలు మన సాహిత్యమునకు సొత్తు. మేము కోరునది వానికి తోడుగా వచనములో ఒక క్రొత్త శాఖ. దాని నారంభింపవలసినవారు బిరుదులు గల కవులు కారు, రాత్రులు మేలుకొన్నవారు. జ్ఞాపకములు పచ్చిగా నున్నప్పుడే, బంధువుల పద్యములు అచ్చునకు పోకముందే, ఏ యింటివారు ఆ యింటిలో ఒక చిన్న పుస్తకము తెరచి, రోగమేదో దాని నిజమైన పేరుతో వ్రాసి, ఏ నెలలో ఏమి జరిగినదో, రోగి యేమనెనో, ఎవరేమి చేసిరో వ్రాసి పెట్టుదురుగాక. అది అచ్చు కాకపోవచ్చును. ముప్పదియేండ్ల తరువాత ఒక మనుమరాలు దానిని చదివి, తన నాయనమ్మ యెవరో తెలిసికొనును. తన శరీరమును తాను ఎట్లు కాపాడుకొనవలెనో కూడ తెలిసికొనును. పోయినవారికి మనము పెట్టగల పిండము లనేకములు. పుచ్చుకొన్నవారి యాకలి తీర్చునో లేదో మనకు తెలియదు. ఈ పుస్తకము మాత్రము మిగిలియున్నవారి యాకలి తప్పక తీర్చును.